గంప కింద పిల్లి, గౌను మీద కొంగు

సద్దుల బతుకమ్మ నాడు ముంబై కామాటిపురాలో తెలుగువాళ్లుండే చాల్‌కి వెళ్తే గ్యాలరీలో కాలు పెట్టే చోటు దొరకదు. గుమ్మం గుమ్మానికీ ఒక పళ్లెం, తడిగుడ్డ మీద బంతిపూల కుప్ప. గునుగు, తంగేడు కావాలంటే ఊరి నుంచి ఎవరో ఒకరు మోసుకురావాలి. బంతికి మాత్రం దాదర్ పూలబజారు ఉండనే ఉంది. ఒక గుమ్మం దగ్గర నాయనమ్మ పళ్లెంలో గుమ్మడాకు పరిచి, కాడలు సమంగా తుంచి పూలు పేరుస్తోంది. వరుస నిండినప్పుడల్లా అరచేత్తో మెల్లగా అదిమి, నడుం దగ్గర కొంగు లాగి బిగించుకుంటోంది. పక్కనే స్టీలు ప్లేటులో తన చిన్న బతుకమ్మ పేర్చుకుంటున్న ఆరేళ్ల మనవరాలు కూడా వరుస నిండగానే అదుముతోంది. అదిమాక గౌను నడుం మీద చెయ్యి వేసి, లేని కొంగును లాగి బిగిస్తోంది.

"కొంగేదే నీకు?"

"నువ్వు గట్లనే జేస్తున్నవ్ గద నాయినమ్మా!"

అదమకపోతే పూలు నిలవవు, కాబట్టి అది పనిలో భాగం. కొంగు బిగించడం చీర సంగతి, బతుకమ్మకు దానితో పనిలేదు. పిల్ల రెండింటినీ కలిపే నేర్చుకుంది. పనికొచ్చేదాన్నీ పనికిరానిదాన్నీ ఇలా కలిపి నేర్చుకోవడం మీద శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా డబ్బాలు, కర్రలు, చింపాంజీలు, కుక్కలు ముందేసుకుని కూర్చున్నారు. దీన్ని 'అతి అనుకరణ' అంటున్నారు. అందులో తేలిన విశేషాలు కొన్ని మన కామాటిపురా దాకా వస్తాయి.

కళ్లకు కనిపిస్తున్నా...

2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ఒక పెట్టె తయారుచేశారు. దానికి పైన ఒక కన్నం, ముందు ఒక చిన్న తలుపు. చూపించే మనిషి ముందుగా కర్రతో పైకన్నంలో పొడుస్తాడు. ఆ తర్వాత తలుపు తీసి, అదే కర్రతో లోపలి బహుమతి లాగుతాడు. పెట్టె నల్లగా ఉండి లోపలేముందో కనబడనంతసేపూ ఉగాండాలోని న్‌గాంబా దీవి చింపాంజీలు, స్కాట్లండ్‌లోని మూడు నాలుగేళ్ల పిల్లలు ఒకేలా చేశారు. పైన పొడిచారు, తర్వాత ముందు లాగారు.

తర్వాత అదే పెట్టెను గాజులా లోపలంతా కనిపించేట్టు చేసి ఇచ్చారు. పైకన్నం కింద అడ్డు పలక ఉంది. అక్కడ రోజంతా పొడిచినా కర్ర బహుమతి దాకా పోదు. చింపాంజీలు అది చూశాయి, పైన పొడవడం మానేసి నేరుగా తలుపు దగ్గరికి వెళ్లాయి. పిల్లలూ చూశారు. చూసి కూడా బుద్ధిగా పైన పొడిచి, అప్పుడు తలుపు తీశారు.

చింపాంజీకి ఉన్న తెలివి మన పిల్లలకు లేదా అని అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. రెండేళ్ల తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో డెరెక్ లయన్స్ బృందం ఇంకో అడుగు వేసింది. పిల్లలకు ముందే తర్ఫీదు ఇచ్చారు. డబ్బాలోని బొమ్మ తియ్యడానికి ముందు డబ్బాను ఈకతో తట్టడం లాంటివి చూపించి, ఏది అక్కర్లేని పనో చెప్పమన్నారు. సరిగ్గా చెప్పిన పిల్లలను మెచ్చుకున్నారు. అక్కర్లేనివి చెయ్యొద్దని స్పష్టంగా చెప్పారు. తీరా కొత్త పెట్టె ఇస్తే ఆ పిల్లలే అక్కర్లేని పనులన్నీ పూసగుచ్చినట్టు చేసేశారు. వద్దని చెప్పినా చేతులు ఆగలేదు. లయన్స్ చెప్పిన కారణం ఇది: పెద్దవాళ్లు కావాలని చేసిన ప్రతి పనీ ఆ వస్తువు పనిచేయడానికి అవసరమేనని పిల్లల మెదడు దానంతటదే లెక్క కట్టేస్తుంది. అందరూ ఈ వివరణ ఒప్పుకోలేదు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

పెద్దయ్యాక తగ్గుతుందనుకుంటున్నారా? 2011లో నికోలా మెక్‌గ్విగన్, వైటెన్ ఇలాంటి పెట్టెనే పెద్దవాళ్ల ముందు పెట్టారు. అక్కర్లేని పనులను పెద్దవాళ్లు చిన్నపిల్లలకంటే ఎక్కువ నిష్ఠగా చేశారు. లిఫ్ట్ బటన్ వెలిగాక కూడా నాలుగుసార్లు నొక్కే మన అపార్ట్‌మెంట్ పెద్దలను చూసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

తద్దినానికి పిల్లి

ఈ పరిశోధనలు రాకముందే మన ఇళ్లలో ఒక కథ ఉంది. తద్దినం నాడు పెంపుడు పిల్లి వంటల మీద పడుతోందని ఇంటాయన దాన్ని గంప కింద మూసిపెట్టేవాడు. ఆయన పోయాడు, పిల్లీ పోయింది. కొడుకు తద్దినం పెట్టే వేళకు ఇంట్లో పిల్లి లేదు. వీధి వీధీ తిరిగి ఒక పిల్లిని అరువు తెచ్చి, గంప కింద మూసి, అప్పుడు గానీ పీటల మీద కూర్చోలేదు.

ఈ కథ చెప్పినవాళ్లందరూ కొడుకును మూర్ఖుణ్ని చేశారు. నాకైతే అతడి మీద జాలి. తండ్రి ఏడాదికి ఒక్కసారి చేసే పనిని ఓ మూల కూర్చుని చూసిన పిల్లవాడు ఏది తంతో, ఏది పిల్లి బెడదో ఎలా తేల్చుకుంటాడు? దర్భ ఉంగరం ఎందుకో అతడికి తెలియదు, నువ్వులు ఎందుకో తెలియదు. తెలియనివాటిలో గంప ఒకటి. అన్నీ చేస్తే పోయేదేమీ లేదు. ఒకటి వదిలేస్తే, ఆ వదిలేసిందే అసలైనదైతే?

ఆ 'అయితే' ఎంత ప్రాణాంతకమో తెలియాలంటే కర్రపెండలం దగ్గరికి వెళ్లాలి. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులకు వెళ్లే దుంప ఇదే. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి చేదు రకాల్లో సయనైడ్ విషం ఉంటుంది. అమెజాన్ అడవుల్లో తుకానో తెగల ఆడవాళ్లు దుంపను గీకి, కోరి, కడిగి, రసం వేరు చేసి మరిగిస్తారు. పిప్పినీ పిండినీ రెండు రోజులు ఉంచి, ఆ తర్వాతే కాలుస్తారు. ఇంత తతంగం ఎందుకని అడిగితే వాళ్లు చెప్పేది, మా వాళ్లు ఇలాగే చేసేవాళ్లని. జోసెఫ్ హెన్రిక్ అనే పరిశోధకుడు ఇక్కడ ఒక తెలివైన కూతుర్ని ఊహించుకోమంటాడు. ఉడికిస్తే చేదు పోతోంది కదా, మిగతావన్నీ దండగ అని ఆమె మానేస్తుంది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాదు. మర్నాడూ కాదు. విషం కొంచెం కొంచెంగా ఒంట్లో చేరి, గొంతువాపుగానో కాళ్లు పడిపోవడంగానో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కారణం ఎవరికీ తట్టదు. పోర్చుగీసువాళ్లు ఈ దుంపను ఆఫ్రికాకు తీసుకెళ్లారు గానీ దాని వెంట ఆ తతంగాన్ని తీసుకెళ్లలేదు. ఆ తప్పు ఫలితం అక్కడి కొన్ని ప్రాంతాల్లో నేటికీ కనిపిస్తుంది.

మన వంటింట్లో దీనికి చిన్న చెల్లెలు కంద. కందలో చింతపండు పడాల్సిందేనని అత్తగారు చెబుతుంది, కోడలు వేస్తుంది. సూదుల్లాంటి ఆగ్జలేట్ స్ఫటికాల సంగతి ఇద్దరికీ తెలియనక్కర్లేదు. వెయ్యనినాడు గొంతు చెబుతుంది.

మోచేతి లెక్క

అలాగని పిల్లలు కళ్లు మూసుకుని దేన్నైనా కాపీ కొడతారనుకోకండి. 2002లో హంగరీకి చెందిన గ్యెర్గీ గెర్గెయ్, సహచరులతో కలిసి, పద్నాలుగు నెలల పసివాళ్లకు ఒక వింత చూపించాడు. ఒకావిడ బల్ల మీది దీపాన్ని నుదుటితో నొక్కి వెలిగిస్తుంది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండి కూడా తల వాడితే 69 శాతం పిల్లలు తామూ తలతోనే నొక్కారు. చలిగా ఉన్నట్టు దుప్పటి కప్పుకుని, దాన్ని పట్టుకోవడంలో చేతులు తీరిక లేక తల వాడితే 21 శాతమే తల వాడారు. మిగతావాళ్లు హాయిగా చేత్తో నొక్కారు.

మాటలు కూడా రాని వయసులో ఇదీ లెక్క. అమ్మ చేతినిండా పిండితో మోచేత్తో తలుపు తోస్తే, బిడ్డ వచ్చి చేత్తో తోస్తుంది. చేతులు ఖాళీగా ఉన్నా అమ్మ మోచేత్తో తోసిందంటే అందులో ఏదో ఉందన్నమాట, అది నేర్చుకోవాల్సిందే. గ్యాలరీలో గౌను పిల్ల చేసిందీ ఈ లెక్కలోదే. నాయనమ్మ కొంగు ఊరికే బిగిస్తుందా?

టోపీల కోతులకు అన్యాయం

టోపీలమ్మేవాడు చెట్టు కింద నిద్రపోతే కోతులు టోపీలెత్తుకెళ్లి, అతడు తన టోపీ విసిరికొడితే అవీ విసిరికొట్టిన కథతో కోతి పేరు అనుకరణకు మారుపేరైంది. అసలు కోతులు ఆ పనిలో చాలా మొద్దులు. కపుచిన్ కోతుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన విసాల్‌బెర్గీ, ఫ్రాగజీ 1990లోనే వాటిలో నిజమైన అనుకరణకు ఆధారం దాదాపు లేదని రాశారు. మనకు అతి దగ్గరి బంధువులైన బొనోబోలు కూడా అంతే. 2018లో జానా క్లే, క్లాడియో టెనీ వాటి ముందు ఒక పెట్టె పెట్టి, చేతిని దాని మీద ఊరికే తిప్పి, ఆ తర్వాత తెరిచి చూపించారు. మనిషి పిల్లల్లో చాలామంది ఆ చేతి అభినయంతో సహా చేశారు. బొనోబోల్లో ఒక్కటీ చెయ్యలేదు, తెరిచాయి, తిన్నాయి, పోయాయి.

ఒక పెద్ద మినహాయింపు జూలీ. జాంబియాలో చిమ్‌ఫున్షీ అనే చింపాంజీల ఆశ్రమం ఉంది. 2010లో అక్కడి జూలీ అనే ఆడ చింపాంజీ ఒక గడ్డిపోచ తీసి చెవిలో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. దాంతో తిండి దొరకదు, దురద తీరదు. చూస్తూ చూస్తూ ఆ పన్నెండింటి గుంపులో ఎనిమిది చెవుల్లో గడ్డి మొలిచింది. జూలీ చనిపోయాక కూడా కొన్ని ఆ అలవాటు మానలేదు. పక్క గుంపులకు అదే గడ్డి అందుబాటులో ఉన్నా వాటికి ఆ సోకు అంటలేదు.

ఇక కుక్క. దాని కథ కొంచెం మన కథలా ఉంటుంది. వియన్నాలో లుడ్విగ్ హూబర్ బృందం కుక్కల యజమానులచేత ఒక తమాషా పని చేయించింది. గోడ మీది రంగు చుక్కలకు ముక్కు ఆనించి, ఆ తర్వాత తలుపు జరిపి తిండి చూపించాలి. చుక్కలకూ తిండికీ ఏ సంబంధమూ లేదు. 2018లో వచ్చిన ఫలితాల్లో దాదాపు సగం కుక్కలు చుక్కల దగ్గరికీ వెళ్లాయి. తర్వాత అదే పనిని ముక్కూమొహం తెలియని మనిషి చేసి చూపిస్తే చాలా కుక్కలు చుక్కల్ని పట్టించుకోలేదు. తిండి ఎవరు చూపినా తిండే. అక్కర్లేని పని మాత్రం మనవాళ్లు చేస్తేనే చెయ్యాలనిపిస్తుంది కాబోలు.

అనుకరణ ఎటునుంచి ఎటైనా పారుతుందనడానికి 1931 నాటి సంగతి ఒకటి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విన్‌థ్రాప్ కెలాగ్, భార్య లూయెల్లా తమ పది నెలల కొడుకు డోనాల్డ్‌తో పాటు గువా అనే చింపాంజీ పిల్లను ఇంట్లోనే సొంత బిడ్డలా పెంచారు. గువా మనిషిలా మారుతుందా అన్నది వాళ్ల కుతూహలం. తొమ్మిది నెలలకు ప్రయోగం ఆపేశారు. అప్పటికి డోనాల్డ్ తిండి కనిపించగానే గువాలా అరవడం నేర్చుకున్నాడు.

వలస వచ్చినవారి వరుస

దక్షిణాఫ్రికాలో వెర్వెట్ కోతుల గుంపులకు ఎరికా వాన్ డి వాల్ రెండు రంగుల మొక్కజొన్న పెట్టింది, ఒకటి గులాబీ, ఒకటి నీలం. ఒక గుంపుకు ఒక రంగును చేదుగా, ఇంకో గుంపుకు రెండో రంగును చేదుగా అలవాటు చేసింది. తర్వాత చేదు తీసేసినా గుంపులు తమ రంగునే తిన్నాయి. పెద్దయ్యాక మగకోతులు గుంపు మారడం వాటి రివాజు. అలా మారినవి నిన్నటిదాకా అసహ్యించుకున్న రంగునే, కొత్త ఊళ్లో అందరూ తింటున్నారని, చాలావరకు మారుమాట లేకుండా తిన్నాయి. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

మనిషి వలస పోతే ఈ పని రెండువైపులా జరుగుతుంది. వడపావ్ నేర్చుకుంటాడు, బతుకమ్మనూ వదలడు.

కామాటిపురాకు ఆ పేరు తెచ్చినవాళ్లు నిజాం రాజ్యం నుంచి, ముఖ్యంగా తెలంగాణ పల్లెల నుంచి, పద్దెనిమిదో శతాబ్దం చివర వచ్చిన కూలీలు. 1784లో హార్న్‌బీ కట్ట పూర్తయి సముద్రపు నీరు ఆగాక, బొంబాయి దీవుల మధ్య బురద మడుగులు ఆరాయి. ఆ నేల మీద రోడ్లూ ఇళ్లూ కట్టినవాళ్లలో మనవాళ్లున్నారు. వాళ్ల పద్నాలుగు గల్లీలకు లోకం తర్వాత ఇంకో పేరు అంటగట్టింది. సినిమాలకు ఆ పేరే కావాలి. ముంబై కార్పొరేషన్ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందన్న సంగతి సినిమాకు పనికిరాదు.

రెండు శతాబ్దాల తర్వాత, బడిలో మరాఠీ, గల్లీలో హిందీ మాట్లాడే పిల్ల పసుపు గౌరమ్మను పూల మీద ఎటు తిప్పి పెట్టాలో నాయనమ్మ పెట్టినట్టే పెడుతుంది. ఎందుకలా అంటే చెప్పలేదు. ఇది చాదస్తం కాదని నేననుకోవడానికి ఒక ప్రయోగం కారణం. 2009లో హారియట్ ఓవర్, మలిండా కార్పెంటర్ ఐదేళ్ల పిల్లలకు చిన్న బొమ్మల వీడియో చూపించారు. అందులో మనుషులు లేరు, రంగుల ఆకారాలు ఆడుకుంటుంటాయి. ఒక వీడియోలో ఒక ఆకారం దగ్గరికొస్తే మిగతావి దాన్ని కలుపుకోకుండా పక్కకు పోతాయి. అది చూసిన పిల్లలు, ఆ వెంటనే పెద్దావిడ చూపించిన పనిని ఎక్కువ ఖచ్చితంగా, ఆవిడ వంపులతో సహా అనుకరించారు. వెలివేత బొమ్మల్లో కనిపిస్తేనే ఇంత! అందరూ వేరే భాష మాట్లాడే ఊళ్లో, ఇరుకు ఖోలీలో, పిల్లలకు ఆ భయం ఎంత దగ్గరగా ఉంటుందో ఊహించండి. లేని కొంగు బిగించడం నేను నీ మనిషినే అని నాయనమ్మకు చెప్పే ఒక పద్ధతి.

2010లో మార్క్ నీల్సన్, కెయాన్ టొమసెల్లీ ఆస్ట్రేలియా నగరం బ్రిస్బేన్ పిల్లలనూ కలహారీ ఎడారి బుష్‌మెన్ పిల్లలనూ పోల్చారు. ఇద్దరూ దాదాపు ఒకేలా అతిగా అనుకరించారు. కాబట్టి ఇది ఇంగ్లిష్ బడి నేర్పిన రోగం కాదు. 2015లో మధ్య ఆఫ్రికాలోని ఆకా వేటగాళ్ల పిల్లల్లో మాత్రం ఇది చాలా తక్కువగా కనిపించింది. ఎవరు ఎలా నేర్పుతారన్నదాన్ని బట్టి కొలత మారుతుందన్నమాట.

బందరులో హిందూస్థానీ

అనుకరణ మనుషులనే కాదు, ఊళ్లనూ పట్టుకుంటుంది. 1846లో బొంబాయి గ్రాంట్ రోడ్ మీద ఒక నాటకశాల వెలిసింది. 1853లో పార్సీ నాటక మండలి అక్కడే తెర ఎత్తింది. ఆ పార్సీ నాటకాల గాలి దేశమంతా వీచింది. ఆ ఊపు మచిలీపట్నానికి ఎంతగా తగిలిందంటే, 1880ల్లో నాదెళ్ల పురుషోత్తమ కవి హిందూస్థానీ నాటకాలు తెలుగు లిపిలో రాశారు. ఆడేవాళ్లు తెలుగువాళ్లు, చూసేవాళ్లు తెలుగువాళ్లు, మాటలు మాత్రం హిందూస్థానీ. నాటకం అంటే అలాగే ఉండాలని అప్పటి లెక్క.

ఎందుకు అన్నవాళ్లు

ఎందుకు అని అడిగినవాళ్లూ మనలో ఉన్నారు. 1873 సెప్టెంబర్ 24న పుణెలో జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజం పెట్టినప్పుడు అది అడిగిన మొదటి ప్రశ్న, మధ్యలో పురోహితుడు ఎందుకు అన్నదే. బొంబాయిలోని తెలుగు కాంట్రాక్టర్లలో ఫూలేకు అండగా నిలిచినవాళ్లున్నారు. వెంకు బాళాజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు పేర్లు ఫూలే చరిత్రలో కనిపిస్తాయి. పొట్ట చేతపట్టుకుని వచ్చిన కామాటీల సంతతి తాతల తంతును ప్రశ్నించే ఉద్యమానికి డబ్బూ దస్కమూ ఇచ్చిందన్నమాట. ఆ ఏడాది డిసెంబరులో సమాజం చేయించిన మొదటి పెళ్లికి పురోహితుడు లేడు, ఖర్చు తాంబూలానికి మించలేదు.

అయితే 1887లో ఫూలేయే ఒక పుస్తకం అచ్చువేశాడు. పెళ్లి నుంచి చావు దాకా సత్యశోధకులు ఏ కార్యం ఎలా చేసుకోవాలో చెప్పే పూజావిధి, మంగళాష్టకాలతో సహా. పాత తంతును తీసేసిన చోటు ఖాళీగా ఉంచితే జనం నిలవరని ఆయనకు తెలుసు. నా దృష్టిలో ఆ చిన్న పుస్తకం అతి అనుకరణ మీద వచ్చిన మంచి పరిశోధనల్లో ఒకటి.

ఇంట్లో చేసి చూడండి

పండక్కి బంధువులొచ్చినప్పుడు లడ్డూల స్టీలు డబ్బా ఒకటి బల్ల మీద పెట్టండి. నాలుగేళ్ల పాపను పిలిచి, మూత మీద చెంచాతో మూడుసార్లు తట్టి, డబ్బాను ఒక చుట్టు తిప్పి, అప్పుడు మూత తీసి లడ్డూ ఇవ్వండి. ఏమీ చెప్పకుండా డబ్బా పాపకు అప్పగించండి. పాప తడుతుంది, తిప్పుతుంది. ఆ తర్వాత కుర్చీలో పేపరు చదువుకుంటూ ఓరకంట ఇదంతా చూస్తున్న బావగారి ముందుకు డబ్బా జరపండి. ఆయన కూడా తట్టాడంటే నవ్వకండి, మర్యాద గల మనిషి. తట్టకుండా లడ్డూ తీశాడంటే మాత్రం, బొనోబోల సంగతి ఆయనకు చెప్పకండి.